బీడీ ఆరిపోయేది, బండి ఆగేది

విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర కాసేపు నిలబడి చూడు నాయనా, ఈ ముసలాడు ఎందుకు సణుగుతున్నాడో నీకే తెలుస్తుంది. సిగ్నల్ పడుతుంది. ఒక కారు వచ్చి ఆగుతుంది. అద్దాలన్నీ బిగించి ఉంటాయి. లోపల నీ ఈడు కుర్రాడు. ఒక చెయ్యి స్టీరింగ్ మీద, రెండో చేతిలో వేలెడు పొడుగు రంగుల గొట్టం, ఈ-సిగరెట్టంటారే, అది. దాన్ని నోట్లో పెట్టి ఒక్క దమ్ము లాగి వదులుతాడు, అంతే, కారు లోపలంతా తెల్లగా కమ్ముకుపోతుంది. మనిషి మొహం కనబడదు. ఇంతలో పచ్చలైటు పడుతుంది. ఆ తెల్లదనం విడిపోకముందే కారు కదిలిపోతుంది. మొహం కనబడని మనిషికి రోడ్డు మాత్రం ఎలా కనబడుతుందయ్యా? నాకు అర్థం కాదు. అర్థం చేసుకునే ఓపిక కూడా లేదు.

నేను లారీ తోలినవాణ్ణి. మీసం మొలవకముందే క్లీనరుగా ఎక్కాను, మోకాళ్ళు అరిగాక డ్రైవరుగా దిగాను. అందుకని రోడ్డు గురించి మాట్లాడే హక్కు నాకు కొంచెం ఉందనుకుంటాను. మా ఇంట్లో వాళ్ళు ఒప్పుకోరు. "మీ రోజులు వేరు నాన్నా" అంటుంది మా పెద్దమ్మాయి. వేరే, కాదని ఎవరన్నారు? అవి మంచి రోజులని నేనంటాను, అక్కడే పేచీ.

మేము బండి తోలేటప్పుడు పొగ తాగలేదా అని అడుగుతావు. తాగాం. కానీ అబ్బాయ్, బీడీ సంగతి నీకు తెలియదు. సిగరెట్టు వెలిగించి ఒక పక్కన పెడితే దానంతట అదే కాలిపోతుంది. బీడీ అలా కాదు. తునికాకు చుట్ట కదా, పీలుస్తూ ఉంటేనే వెలుగుతుంది, రెండు నిమిషాలు మరిచిపోయావో ఆరిపోతుంది. మళ్ళీ అగ్గిపుల్ల గీయాలి. కిటికీ తీసి ఉన్న క్యాబిన్లో, ఎదురుగాలిలో, అగ్గిపుల్ల గీయాలంటే రెండు చేతులూ కావాలి. రెండు చేతులూ స్టీరింగ్‌కే చాలవు మాకు. టాటా మెర్సిడెస్ బండ్లవి, ముక్కు ముందుకు పొడుచుకొచ్చినవి. పవర్ స్టీరింగ్ అన్న మాటే మేం వినలేదు. లోడు మీదున్న బండిని మలుపు తిప్పాలంటే భుజాలు దిగిపోయేవి. గేరు మార్చాలంటే ఒకసారి క్లచ్ తొక్కితే చాలదు, రెండుసార్లు తొక్కాలి, మధ్యలో యాక్సిలరేటర్ ఇవ్వాలి, అది తప్పితే గేరుపెట్టె పెట్టే కేకకి పక్క ఊళ్ళో కుక్కలు లేచేవి. ఇంత పనిలో పొగ ఎక్కడ తాగుతాం? బీడీ చెవి మీద ఉండేది. ఎప్పుడో బండి ఆగినప్పుడు నోట్లోకి వచ్చేది.

మేమంతా బుద్ధిమంతులమని నేను చెప్పడం లేదు. ఆ బుద్ధి మాది కాదు, బండిది. చేతులు ఖాళీగా ఉంటే మేమూ తాగేవాళ్ళమే. అయినా ఫలితం ఒకటేగా. పొగ వేళ పొగకి, బండి వేళ బండికి అన్నట్టు జరిగిపోయింది. మీ కారులో గేరు దానంతట అదే మారుతుంది, స్టీరింగ్ ఒక వేలితో తిరుగుతుంది, హారను కొట్టే పని కూడా పెద్దగా లేదు. ఒక చెయ్యి ఎప్పుడూ ఖాళీ. ఖాళీ చెయ్యి ఊరుకోదు నాయనా. ఫోనైనా పట్టుకుంటుంది, గొట్టమైనా పట్టుకుంటుంది.

ఇంకోటి, మాకు దారిలో ఆగే చోట్లుండేవి. రైలు గేటు ఉందా, అది పడిందంటే సంబరమే. మద్రాసు–కలకత్తా రోడ్డు మీద అప్పట్లో పైవంతెనలు ఎక్కడివి? గేటు పడితే ఇటు అరమైలు, అటు అరమైలు బండ్లు నిలిచిపోయేవి. ఇంజన్లు ఆపేసి అందరం కిందికి దిగేవాళ్ళం. క్లీనర్లు టైర్లను రెంచీతో కొట్టి శబ్దం వినేవాళ్ళు, గాలి ఎంతుందో ఆ శబ్దంలోనే తెలిసేది. మేం తుమ్మచెట్టు కింద గొంతుక్కూర్చుని బీడీ ముట్టించేవాళ్ళం. ఒకడి అగ్గిపుల్లకి నలుగురి బీడీలు వెలిగేవి. ఎవరి లోడు ఎక్కడిదో, ఏ ఊళ్ళో కిరాయి ఎంత పలుకుతోందో, ముందు బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఎక్కడ కాపు కాశాడో, అన్ని కబుర్లూ అక్కడే. వేసవైతే ముంజలు, వానాకాలమైతే కాల్చిన కంకులు, గంప నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు లారీ లారీకి తిరిగేవాళ్ళు. రైలు వెళ్ళిపోయాక కూడా గేటువాడు వెంటనే తీసేవాడు కాదు. ఒక్కోసారి గూడ్సు కోసం మళ్ళీ కాసేపు. ఎవరికీ కోపం వచ్చేది కాదు. కళ్ళకి విశ్రాంతి, నడుముకి విశ్రాంతి, పొగకి పొగ.

ఆ గేట్ల దగ్గరే పురిటి నొప్పులతో బండిలో ఆగిపోయిన ఆడవాళ్ళనీ చూశాను. పాము కరిచినవాణ్ణి మంచం మీద వేసుకుని వచ్చి, గేటు తియ్యమని గేటువాడి కాళ్ళు పట్టుకున్నవాళ్ళనీ చూశాను. పైవంతెన వాళ్ళకి దేవుడిచ్చినట్టే. అది నేను కాదనను. కానీ వంతెనలు కట్టినవాళ్ళు ఆ తుమ్మచెట్టు నీడని కూడా ఎక్కడో ఒక చోట కట్టి ఉంటే బాగుండేదని నా బాధ.

సరే, బీడీ దగ్గరికి వస్తాను. ఒంగోలు, కందుకూరు వైపు నుంచి గుంటూరుకి పొగాకు బేళ్ళు తోలేవాళ్ళం. అప్పుడు మా ఓనరు గట్టి రూలు పెట్టాడు, పొగాకు లోడు ఉన్నంతసేపు క్యాబిన్లో అగ్గిపెట్టె కనబడకూడదని. ఎండిన ఆకు, మీద టార్పాలిన్, ఒక్క నిప్పురవ్వ పడితే ఇంకేముంది. బండి నిండా పొగాకు పెట్టుకుని, గుంటూరు చేరేదాకా ఒక్క దమ్ము లేకుండా తోలేవాళ్ళం. మా గురువుగారు, అంటే నాకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పిన పెద్దాయన, ఆ దారంతా ఆరిన బీడీని పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చునేవాడు. వెలిగించేవాడు కాదు. గుంటూరులో బేళ్ళన్నీ దిగాక, బండి నుంచి దూరంగా నడిచి వెళ్ళి, అప్పుడు ముట్టించేవాడు.

రూలు వినని వాళ్ళూ ఉన్నారు. నాతో తిరిగిన ఒక డ్రైవరు తోలుతూ తోలుతూ బీడీ కాలుస్తుంటే నిప్పు లుంగీ మీద పడింది. దులుపుకోవడానికి కిందికి చూశాడు. తల ఎత్తేసరికి చింతచెట్టు. ఒక కాలు మోకాలి దాకా తీసేశారు. మనిషి బతికాడు, అదే పదివేలు. అప్పుడు బండి వేగం గంటకి నలభై కిలోమీటర్లు ఉంటుందేమో.

ఇది చెబితే మా మనవడు ఏమన్నాడో తెలుసా? "దీంట్లో నిప్పు లేదు కదా తాతయ్యా" అన్నాడు.

వాడిది హైదరాబాదులో ఉద్యోగం. మొన్న పండక్కి వచ్చి వెళ్తూ నన్నూ కారులో ఎక్కించుకున్నాడు. మంచి పిల్లాడు, నా నడుము నొప్పికని సీటు వెనక్కి వాల్చాడు, దిండు పెట్టాడు. అంత ప్రేమ ఉన్నవాడు, ఇబ్రహీంపట్నం దాటగానే జేబులోంచి ఆ గొట్టం తీశాడు. కారంతా మామిడిపండు వాసన. మామిడిపండు వాసన మామిడిపండులోంచే రావాలిరా అన్నాను. నవ్వాడు. నందిగామ దాటాం, చిల్లకల్లు టోల్‌గేటు దాటాం. దాటాం అంటే ఆగి దాటలేదు. అద్దానికి ఫాస్టాగ్ అంటించి ఉంది, కర్ర దానంతట అదే లేచింది. 2021 ఫిబ్రవరి నుంచి అందరికీ అదేనట. టోల్ దగ్గర డబ్బులిచ్చే ఆ రెండు నిమిషాలు కూడా తీసేశారన్నమాట. సూర్యాపేట వచ్చింది. మా కాలంలో సూర్యాపేటలో టీ తాగకుండా హైదరాబాదు పోయిన లారీ నేను చూడలేదు. వీడు ఊరి పక్కనుంచి గాలిలా వెళ్ళిపోయాడు. ఆ గొట్టం మాత్రం నోటికి చేతికి మధ్య తిరుగుతూనే ఉంది.

ఇది పొగ కాదట, ఆవిరట. మా ఇంట్లో ఇడ్లీ పాత్ర మూత తీస్తే వచ్చేది ఆవిరి, అది చేతికి తగిలితే నీళ్ళే. దీంట్లో ఏముందిరా అని అడిగితే వాడే చెప్పాడు, చదువుకున్నవాడు కదా. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్, నికోటిన్, వాసన కోసం ఇంకేవో. బ్యాటరీ ఒక తీగచుట్టని వేడి చేస్తే ఈ ద్రవం సన్నటి తుంపరగా మారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 2003లో చైనాలో హోన్ లిక్ అనే ఫార్మసిస్టు ఇప్పుడున్న రకం తయారుచేశాడట. నికోటిన్ బ్రిటన్‌లో అయితే మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు మించకూడదని రూలు. బయట దొంగదారిన దొరికే సరుకులో 50 దాకా ఉంటుంది. బీడీకి ఒక చివర ఉంటుంది నాయనా. వేలు కాలుతుంది, పారేస్తావు, అక్కడికి అయిపోతుంది. దీనికి చివరేదీ? మొదలెట్టడానికి అగ్గి అక్కర్లేదు, ఆపడానికి బూడిద లేదు. ఎంత లోపలికి పోయిందో వాడికే తెలియదు. గుండె దడదడలాడి, తల తిరిగినట్టయితే అప్పుడు తెలుస్తుంది. ఆ తెలిసే వేళకి వాడు గంటకి వంద మీద ఉంటాడు.

వంద అంటే ఎంతో నేను లెక్క కట్టాను, రాని చదువుతోనే. గంటకి 100 కిలోమీటర్లంటే సెకనుకి దగ్గర దగ్గర 28 మీటర్లు. గొట్టం కప్పులు పెట్టే చోటులోంచి వెతికి తీయడానికి రెండు సెకన్లనుకో, 56 మీటర్లు చూడకుండా పోయావు. వదిలిన మబ్బు కళ్ళముందు కరగడానికి ఇంకో సెకను అనుకో. మొత్తం మా ఊరి బడి గేటు నుంచి రామాలయం దాకా. ఆ మధ్యలో గేదె అడ్డం రాదని ఎవరు చెప్పారు? పంటకాలవ దగ్గర నుంచి ట్రాక్టరు లైట్లు లేకుండా ఎక్కదని ఎవరు చెప్పారు? నేను నలభై మీద తోలినప్పుడు సెకనుకి 11 మీటర్లు. చూసుకోకపోయినా, చూసుకునే టైము మిగిలేది. నిప్పు లేదు నిజమే. లుంగీవాడికి కాలు పోయింది నిప్పు వల్ల కాదురా, కిందికి చూడటం వల్ల.

ఇంకో సంగతి మీ కుర్రాళ్ళెవరూ గమనించరు. చౌటుప్పల్ దగ్గర చీకటి పడింది. ఎదురు బండ్ల లైట్లు మా ముందద్దం మీద పడి, చెదిరిపోయి, చుక్కలు చుక్కలుగా పాకుతున్నాయి. నేను చేత్తో లోపలి వైపు అద్దం తుడిచి చూశాను. జిడ్డు. ఆ గ్లిసరిన్ అంతా ఎక్కడికి పోతుందనుకున్నావు? అద్దాలు బిగించి ఏసీ పెట్టుకుంటే అద్దానికే అంటుకుంటుంది. పగలు కనబడదు. రాత్రి ఎదురులైటు పడినప్పుడు అదే నీకు తెర. అద్దం విషయంలో మేం ఎంత జాగ్రత్తగా ఉండేవాళ్ళమో చెబితే నమ్మవు. ఆగిన ప్రతిచోటా క్లీనరు పాత న్యూస్‌పేపరు తడిపి అద్దం రుద్దేవాడు. వానలో వైపర్ మొరాయిస్తే నాలుగు బీడీలు విప్పి ఆ పొగాకుతో అద్దం బయట రుద్దేవాళ్ళం. నీళ్ళు నిలవకుండా జారిపోయేవి. చూశావా, మా పొగాకు అద్దం మీద పడినా దారి చూపించేది. మీది దారి మూసేస్తోంది.

అక్కడే కారు పక్కకి ఆపించాను. హోటలు ముందు కూర్చుని, టీ చెప్పి, నీ ఫోన్ తీసి దీనికి చట్టం ఏముందో చదవరా అన్నాను. చదివాడు. చదువుతూ చదువుతూ వాడి గొంతు తగ్గిపోయింది.

ఈ వస్తువే మన దేశంలో నిషేధం. 2019 సెప్టెంబరు 18న కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది, ఆ డిసెంబరులో చట్టమైంది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన, ఏదీ కుదరదు. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు గానీ లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. మళ్ళీ దొరికితే మూడేళ్ళ దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. నిలవ పెట్టుకుంటే ఆరు నెలల దాకా జైలు లేదా యాభై వేల దాకా జరిమానా, లేదా రెండూ. "మరి నువ్వెక్కడ కొన్నావురా" అన్నాను. "దొరుకుతాయి తాతయ్యా" అన్నాడు, నా మొహం చూడకుండా. అమ్మేవాడికి ఇన్ని శిక్షలు రాసిన చట్టంలో, తాగేవాడికి విడిగా శిక్ష రాయలేదు. అందుకే వీళ్ళకి ధైర్యం.

పోనీ పొగ తాగకూడదన్న చట్టం ఉంది కదా అంటావు. ఉంది. 2008 అక్టోబరు 2, గాంధీ జయంతి నాటి నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగితే 200 రూపాయల దాకా జరిమానా. బస్సు, రైలు అందులోకి వస్తాయి. నీ సొంత కారు రాదు. పైగా ఆ చట్టంలో పొగ అంటే పొగాకు పొగ. వీడి గొట్టంలో ఆకే లేదు.

ఇక రోడ్డు చట్టం. చిత్రం చూడు, అదే 2019 సెప్టెంబరు 1 నుంచి మోటారు వాహనాల చట్టంలో మార్పులు అమల్లోకి వచ్చాయి. ప్రమాదకరంగా నడిపితే సెక్షన్ 184. మొదటి తప్పుకి వెయ్యి నుంచి అయిదు వేల దాకా జరిమానా, ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు. అందులో ఎర్రలైటు దాటడం ఉంది, ఎదురుదారిలో రావడం ఉంది, చేత్తో ఫోను పట్టుకోవడం ఉంది. గొట్టం పట్టుకోవడం లేదు. ఒకే నెలలో రెండు చట్టాలు వచ్చాయి, ఒకటి ఫోను పట్టుకున్న చేతిని చూసింది, ఒకటి గొట్టం అమ్మే చేతిని చూసింది. గొట్టం పట్టుకుని కారు నడిపే చేతిని రెండూ చూడలేదు. అయితే ఆ సెక్షన్ చివర్లో, జాగ్రత్తగల డ్రైవరు నడపాల్సిన తీరుకి బాగా దిగజారి, ప్రమాదమని తెలుస్తూనే నడపడం కూడా నేరమేనని ఒక మాట ఉంది. మొహం కనబడకుండా మబ్బులో కూర్చుని నడపడం దాని కిందికి రాదా? వస్తుందనే నేనంటాను. పట్టుకునే పోలీసు ఉండాలి.

మా అన్నయ్య మనవరాలు ఇంగ్లండులో ఉంటుంది. వీడు ఫోను పెట్టి ఆ పిల్లని అడిగాడు, అక్కడైతే తప్పు కాదు కదా అని, తనవైపు సాక్ష్యం దొరుకుతుందనుకుని. ఆ పిల్ల అక్కడ లైసెన్సు పరీక్ష పాసయింది, అన్నీ కంఠతా చెప్పింది. అక్కడ ఈ గొట్టం అమ్మడం తప్పు కాదట, ఒకసారి వాడి పారేసే రకాన్ని మాత్రం 2025 జూన్ 1 నుంచి ఆపారట. కారులో పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలుంటే సిగరెట్టు తాగకూడదని 2015 అక్టోబరు నుంచి రూలుంది, కానీ అది గొట్టానికి వర్తించదట. చూశావా తాతయ్యా అన్నాడు వీడు. ఆగరా, ఆ పిల్లని పూర్తిగా చెప్పనీ అన్నాను. మబ్బు కమ్మి, బండి అదుపు తప్పినట్టు పోలీసుకి అనిపిస్తే అజాగ్రత్త డ్రైవింగు కింద పట్టుకుంటాడు. వంద పౌండ్లు, లైసెన్సు మీద మూడు పాయింట్లు. మూడేళ్ళలో పన్నెండు పాయింట్లయితే మామూలుగా లైసెన్సు పోతుంది. కొత్తగా పాసైనవాడికి మొదటి రెండేళ్ళలో ఆరు చాలు. వాళ్ళ హైవే కోడ్‌లో 148వ రూలు బండి నడిపేటప్పుడు దృష్టి మళ్ళించే పనులు వద్దంటూ తినడం, తాగడం, పొగ, పక్కవాడితో వాదన కూడా రాసింది. పక్కవాడితో వాదన అనగానే మనవడు నా వైపు చూశాడు. నేను టీ తాగుతూ కూర్చున్నాను. కారు ఆగి ఉంది కదా, వాదించొచ్చు.

బ్యాటరీ సంగతి కూడా చెప్పి వదులుతాను. మే నెలలో మన ఎండలో అద్దాలు బిగించి కారు వదిలేస్తే లోపల అరవై డిగ్రీలు దాటుతుంది. ఈ గొట్టంలో ఉండేది లిథియం బ్యాటరీ. దాన్ని ఎండలో డాష్‌బోర్డు మీద పడేసి సినిమాకి వెళ్ళిపోతారు. పొగాకు బేళ్ళ పక్కన అగ్గిపెట్టె ఉండనివ్వని మా ఓనరు ఇది చూస్తే ఏమనేవాడో.

ఇంత చెప్పాను కదా అని మా పొగ మంచిదని మాత్రం అనుకోకు. మా ఆవిడ పుట్టిల్లు శ్రీకాకుళం వైపు. వాళ్ళమ్మమ్మ అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని. ఆ తీరం పొడుగునా ఆడవాళ్ళకి అది అలవాటు. గాలికి ఆరదని, బూడిద రాలదని. చివరికి అంగిట్లో పుండు లేచింది. అది క్యాన్సర్ అని తెలిసేసరికి ఆవిడ అన్నం మింగలేని స్థితిలో ఉంది. మా గురువుగారు దగ్గి దగ్గి పోయాడు. నాతో రైలు గేటు దగ్గర అగ్గిపుల్ల పంచుకున్నవాళ్ళలో చాలామంది అరవై చూడలేదు. నేను బీడీ మానేసింది గురువుగారిని అలా చూశాకే. కాబట్టి పొగ గురించి నీకు నీతులు చెప్పే స్థితిలో నేను లేను, చెప్పడం లేదు కూడా. నీ ఊపిరితిత్తులు నీవి. రోడ్డు మాత్రం నీది కాదు. ఆ రోడ్డు మీద పొలం నుంచి వచ్చేవాడున్నాడు, బడి నుంచి వచ్చే పిల్ల ఉంది. 2022 ఒక్క ఏడాదిలో మన దేశంలో రోడ్ల మీద పోయినవాళ్ళు 1,68,491 మంది. అంతమందిని పోగొట్టుకుంటున్న దేశంలో ఖాళీ చెయ్యి ఉందని గొట్టం పట్టుకోవడానికి మనసెలా వస్తుంది మీకు?

తాగాలనిపిస్తే ఆపరా బండి. మా మనవడికి చెప్పిందే నీకూ చెబుతున్నాను. ఇప్పటి హైవే మీద ఎక్కడ పడితే అక్కడ ఆపడానికి లేదు, నాకు తెలుసు. వెనక నుంచి వచ్చేవాడు గుద్దేస్తాడు. కానీ లారీలు ఆగడానికి పక్కన చోటు విడిచి బోర్డులు పెట్టారు, బంకులున్నాయి, హోటళ్ళున్నాయి. దిగు, నడుం విరుచుకో, నాలుగడుగులు వెయ్యి. ఆ కాసేపటిలో హైదరాబాదు ఎక్కడికీ పోదు. కారులో పసిపిల్లలుంటే ఆ గొట్టాన్ని కారులోకే తేవద్దు, అద్దాలు మూసిన చోట వాళ్ళు పారిపోవడానికి దారి లేదు. వాడు సరేనన్నాడు. వాడి సరే ఎన్నాళ్ళుంటుందో, ఈ తరం సరే మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మాట మీద నిలబడటం కూడా మా రోజుల్లోనే ఎక్కువ.

అందుకే పైవాళ్ళకి ఒక మాట. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో, ఏయే పనులు చేస్తే డ్రైవరు లైసెన్సు ఆపేయొచ్చో ఒక పట్టీ ఉంది. ప్రయాణికుల బండి తోలుతూ పొగ తాగితే ఆపేయొచ్చు. రవాణా బండి తోలుతూ ఏకాగ్రత చెదిరే పని ఏది చేసినా ఆపేయొచ్చు. ఆ భయంతో మేము ఇన్నేళ్ళు తోలాం. బస్సువాడికుంది, లారీవాడికుంది, ఆటోవాడికుంది. చదువుకుని, ఏసీలో కూర్చుని, మాకు రెండింతల వేగంతో పోయే సొంత కారువాడికి అందులో చోటు లేదు. ఫోను విషయం వచ్చేసరికి ఏ బండైనా ఒకటేనని ఆ పట్టీలోనే తర్వాత చేర్చారు కదా, దీన్నీ అలాగే చేర్చండి. పది టన్నుల లోడు మీద రెండు చేతులూ ఉంచమని మాకు చెప్పినవాళ్ళు, ఒక టన్ను కారువాడికి చెప్పడానికి మొహమాటం దేనికి?